జింకను కాల్చే చోటు కాదు, అది పడుకునే చోటు వెతకాలి



పది రోజులుగా మన గుంపులో ఒకటే మాట నడుస్తోంది. "అడవిపందిని కాల్చడానికి సర్కారు ఉత్తరువు ఇచ్చింది కదా, జింకకూ ఇమ్మని సంఘం తరఫున కలెక్టర్‌కు మను ఇద్దాం" అని మా కోవిల్‌పట్టి వైపు తమ్ముళ్ళు అంటున్నారు. చెన్నైలో, బెంగళూరులో ఉండే మన పిల్లలు దానికి కింద జింకపిల్ల బొమ్మ పెట్టి ఏడుపు ముఖం వేస్తున్నారు. నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి, తెలుగు రాయడం రిటైరయ్యాకే పట్టుకున్నాను. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. అందుకే ఆలస్యంగా వస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. తుపాకి అడగడం దండగ. "పాపం జింక" అనడం అంతకన్నా దండగ. మన చేను పక్కన జింక ఎక్కడ పడుకుంటోంది, ఎక్కడ నీళ్ళు తాగుతోంది, ఏ సందులోంచి వస్తోంది అనేది ఊరూరా చూసి, ఆ చోటును చూపించి మను ఇస్తే పని జరుగుతుంది. అది లేకుండా "జింకల బెడద" అని నాలుగు వరుసలు రాసి సంతకాలు పెడితే ఆ కాగితం ఫైలులోనే నిద్రపోతుంది. నలభై ఏళ్ళకు దగ్గరగా ఫైళ్ళతోనే బతికినవాణ్ణి, నాకు తెలుసు.

కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం సభ్యులకు మా నేల గురించి కొంచెం చెప్పాలి. కోవిల్‌పట్టి, ఎట్టయపురం, విళాత్తికుళం, సాత్తూరు చుట్టూ ఉన్నది నల్లరేగడి. ఇక్కడ దాన్ని కరిసల్ అంటారు. కి. రాజనారాయణన్ గారు కథలన్నీ ఈ మట్టి మీదే రాశారు, ఆయన ఊరు ఇడైసేవల్ కోవిల్‌పట్టి పక్కనే. కాలువ లేదు, ఏరు లేదు. పురట్టాసిలో విత్తుతాం, ఈశాన్య వాన పడితే పంట, తై మాసంలో ఇంటికి వస్తుంది. ఏడాదికి ఒకటే పంట. అది పోతే మళ్ళీ పురట్టాసి దాకా చేతిలో ఏమీ ఉండదు. గోదావరి వైపు మాదిరి రెండో పంట చూసుకుందాం అనే మాట మాకు లేదు. అందుకే మినుము మొలకెత్తిన ఇరవయ్యో రోజున దుప్పులు వచ్చి మేసిపోతే అది చిన్న నష్టం కాదు, ఆ ఏడాదే పోయినట్టు.

మా తమ్ముడు పోయాక మా మరదలే నాలుగు ఎకరాలు చూసుకుంటోంది. మూడేళ్ళ కింద మినుము వేసింది. రాత్రికి రాత్రి తూర్పు మూల అర ఎకరం కొసలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు పోయాయి. మళ్ళీ చిగురు వచ్చింది, మళ్ళీ వచ్చి తిన్నాయి. చేను చుట్టూ చీరలు కట్టింది. ఇక్కడ అందరూ కడతారు, మీరు రైల్లో పోతుంటే రంగురంగుల చీరల కంచెలు చూసే ఉంటారు. వారం రోజులు చీరకు భయపడ్డాయి, ఎనిమిదో రోజు చీర కిందినుంచి దూరి వచ్చాయి. టపాకాయలు కాల్చింది. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి చుట్టూ ఉన్నవాళ్ళకు అగ్గిపెట్టెకు, టపాకాయకు కొదవ లేదు కాబట్టి ఆ ఖర్చు మాత్రం తక్కువ! ఆ చప్పుడుకూ అలవాటు పడ్డాయి. ఇప్పుడు ఆ తూర్పు వైపు రెండు ఎకరాలు బీడు పెట్టేసింది. "బావా, విత్తనం ఖర్చన్నా మిగులుతుంది" అంటోంది. ఇలా బీడు పడ్డ భూములు మా ఊరిలోనే వేళ్ళ మీద లెక్కపెట్టలేను. ఆ బీడులో ఏం మొలుస్తుందో కింద చెప్తాను, అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట అనేది లేదు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకను వేటాడారని సినిమా హీరో మీద పెట్టిన కేసులో 2018లో కోర్టు ఐదేళ్ళ శిక్ష వేసిన సంగతి అందరికీ తెలుసు. అంత పెద్ద లాయర్లను పెట్టుకున్న ఆయనే ఇరవై ఏళ్ళు తిరిగారు. దుప్పిని చంపినా నేరమే. చట్టంలో ఒక తలుపు ఉంది, కాదనను. 11వ సెక్షన్ ప్రకారం రెండో షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికో, నిలిచి ఉన్న పైరుతో సహా ఆస్తికో ముప్పుగా మారితే, కారణాలు రాసి దాన్ని వేటాడటానికి అనుమతి ఇచ్చే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి, ఆయన అధికారం ఇచ్చినవారికి ఉంది. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులకు పంది విషయంలో ఆ అధికారం ఇచ్చారు. తమిళనాడులో 2025 జనవరిలో శాసనసభలో అటవీ మంత్రి గారు ప్రకటించినది కూడా పంది గురించే.

ఆ ప్రకటన మీద మన గుంపులో చాలామంది తప్పు లెక్క వేస్తున్నారు. అందులో మూడు గీతలు ఉన్నాయి. రిజర్వ్ ఫారెస్ట్ హద్దు నుంచి 1 కిలోమీటరు లోపల పందిని కాల్చకూడదు. 1 నుంచి 3 కిలోమీటర్ల మధ్య పట్టుకొని మళ్ళీ అడవిలో వదలాలి. 3 దాటితేనే కాల్చవచ్చు, అదీ అటవీశాఖవాళ్ళే. గ్రామాధికారి, పంచాయతీ అధ్యక్షుడు, అటవీ ఉద్యోగి ఉన్న కమిటీ చూసి చెప్పాలి. రైతు భుజానికి తుపాకి వచ్చే మాట అందులో ఎక్కడా లేదు. కురుమలై కొండ అడుగున చేలు ఉన్నవాళ్ళు అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నారు. వాళ్ళు మొదటి గీత లోపలే ఉన్నారు. వాళ్ళకు ఆ ఉత్తరువుతో వచ్చింది ఏమీ లేదు. జింకకూ అదే ఉత్తరువు ఇచ్చినా వాళ్ళకు వచ్చేది ఏమీ ఉండదు. ఈ సంగతి చూడకుండా "జింకకూ ఇవ్వాలి" అంటే ఎవరి కోసం అడుగుతున్నట్టు?

ఇంకో సంగతి. ఆ గీతను అడవి హద్దు నుంచి కొలుస్తారు. జంతువు అడవిలో పుట్టి, అడవిలో పడుకొని, రాత్రి చేనుకు వచ్చి, తెల్లారేసరికి అడవికి పోతుందని ఆ కొలత అనుకుంటుంది. మా కరిసల్‌లో దుప్పి అలా బతకడం మానేసి చాలా కాలమైంది. దానికి మా చేల మధ్యలోనే అడవి దొరికింది. ఆ అడవి పేరు వేలికాత్తాన్. సీమ కరువేలం అనీ అంటారు, ఆంధ్రలో సర్కారు తుమ్మ అంటారు. కమ్మాయి లోపల, ఊరణి గట్టున, ఓడ పొడుగునా, బీడు పడ్డ పట్టాభూమిలో ఎక్కడ చూసినా అదే. కమ్మాయి అంటే మా వైపు చెరువు. పగటిపూట ఆ ముళ్ళ పొదలోకి మనిషి పోలేడు, కుక్క పోదు. దుప్పికి అంతకన్నా మంచి పడక ఏది? పక్కనే కమ్మాయి గుంటలో నీళ్ళు, గట్టు దాటితే మినుము. మా మరదలు బీడు పెట్టిన రెండు ఎకరాల్లో మూడో ఏడు ఏం మొలిచిందో ఇప్పుడు చెప్పక్కర్లేదు. పక్క చేనువాడు వచ్చి "అక్కా, నీ కాట్లోంచే నా చేలోకి వస్తున్నాయి" అని గొడవ పడ్డాడు. ఆయన చెప్పింది నిజమే. జింక వల్ల బీడు, బీడు వల్ల వేలికాత్తాన్, వేలికాత్తాన్ వల్ల మళ్ళీ జింక.

నేను ట్రాక్ మీద పని చేసినవాణ్ణి కాదు, టేబుల్ మీద పని చేసినవాణ్ణి. కానీ రైలు కింద పశువులు పడ్డ మెసేజీలు నా టేబుల్‌కు వచ్చేవి, కిలోమీటరు నంబరుతో సహా. ఏళ్ళ తరబడి రిజిస్టరు చూస్తే ఒక సంగతి కనబడేది. ఆవైనా, గొర్రైనా, జింకైనా, అవే నాలుగైదు కిలోమీటరు నంబర్లు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. వంద కిలోమీటర్ల లైనులో జంతువు ఎక్కడైనా దాటవచ్చు కదా! దాటదు. దానికి ఒక దారి ఉంటుంది. అది తాత కాలం నుంచి వచ్చిన దారి.

పాతకాలపు వేటగాళ్ళకు ఇది బాగా తెలుసు. మన రాజకంబళం వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. చట్టం రాకముందు వేటకు పోయిన తాతల మాటలు విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఊరికే చేను చుట్టూ తిరిగేవాళ్ళు కాదు. మొదట పైరు ఏ మూల మేసిందో చూసేవాళ్ళు. ఎప్పుడూ పొదకు దగ్గరగా ఉన్న మూలే ముందు పోతుంది, నడి చేను చివరికి పోతుంది. తర్వాత ఆ మూల నుంచి గిట్టల గుర్తు పట్టుకొని వెనక్కి నడిచేవాళ్ళు. ముళ్ళకంచెకు వెంట్రుకలు ఎక్కడ అంటుకున్నాయో, పెంటికలు ఎక్కడ కుప్పగా ఉన్నాయో, అవి తడిగా ఉన్నాయో ఎండాయో చూసేవాళ్ళు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి దానికి ఎదురుగా కూర్చునేవాళ్ళు. ఇంత చూశాకే చోటు ఎంచుకునేవాళ్ళు. వేటంతా ఆ చోటు ఎంచుకోవడంలోనే ఉండేది, ఈటె విసరడం ఒక్క నిమిషం పని.

ఒక తమ్ముడు "వేట మన కులాచారం, దాన్ని ఆపడానికి వీళ్ళెవరు" అని రాశాడు. తమ్ముడూ, పండగకు కుందేలు వేటకు పోయినవాళ్ళ మీద అటవీశాఖ కేసులు పెట్టడం నువ్వూ పేపర్లో చదివే ఉంటావు. బెయిలు కోసం తిరిగేది వాళ్ళ అమ్మ, సంఘం కాదు. ఆచారంలో మనకు మిగిలిన మంచి భాగం ఆ కంటిచూపు. చోటు చూసే ఆ తెలివి మన ఇళ్ళలో ఇంకా ఉంది. పెద్దవాళ్ళతో పాటు అది కూడా పోకముందే పనికి పెట్టుకుందాం అంటున్నాను.

సరే, చట్టం సంగతి పక్కన పెట్టి, రేపు నిజంగానే జింకను కాల్చడానికి అనుమతి వచ్చిందనే అనుకుందాం. 2016లో బీహార్‌లో నీల్గాయ్‌ని హానికర జంతువుగా ప్రకటించి, హైదరాబాదు నుంచి షూటర్లను పిలిపించి, మొకామా దగ్గర 200కు పైగా కాల్చారు. ఢిల్లీలో ఇద్దరు కేంద్రమంత్రులు దాని మీద బహిరంగంగా పోట్లాడుకున్నారు. అక్కడి రైతుకు నీల్గాయ్ బాధ తీరిందా? తీరలేదు, ఇప్పటికీ అదే గోడు. మా నేల చదరం. రాత్రిపూట కాల్చిన గుండు ఎంత దూరం పోతుందో, మధ్యలో ఏ చేలో ఎవరు కావలి పడుకున్నారో ఎవరికి తెలుసు? రెండు దుప్పులు పడితే మిగతా మంద పక్క ఊరి కమ్మాయికి పోతుంది. పక్క ఊరిలో ఉన్నది కూడా మన సంఘం సభ్యుడే.

దొంగ వేట గురించి, దొంగ కరెంటు గురించి రాయాలంటే నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర పందుల కోసం చేను చుట్టూ పెట్టిన కరెంటు తీగ తగిలి మూడు ఆడ ఏనుగులు చచ్చాయి. రెండు గున్నలు వాటి పక్కన నిలబడి ఉన్న ఫోటో మీరంతా చూశారు. ఆ తీగ కట్టిన రైతు జైలుకు పోయాడు. అది మన హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్ళకు పక్క నేలే. ఏనుగు కాబట్టి పేపర్లో వచ్చింది. ఇలాంటి తీగకే రాత్రి నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి తగిలితే లోపలి పేజీలో నాలుగు వరుసలు. పండులో మందు పెట్టే అవుట్టుకాయ సంగతీ అంతే, పంది తింటుందని పెడితే ఊరి ఆవు నోరు పోతుంది. మన సభ్యుల్లో ఎవరైనా ఇవి పెడుతుంటే తీసేయండి. సోలార్ కంచె వేరు. అది ఒక్క క్షణం చురుక్కుమనిపించి వదిలేస్తుంది, చంపదు. తమిళనాడులో దానికి 2023లో నియమాలు వచ్చాయి, రిజిస్టరు చేసుకోవాలి.

కృష్ణజింక దగ్గర నా మందు పనిచేయదు, ఇది విడిగా చెప్పాలి. తిరునెల్వేలి, తూత్తుక్కుడి మధ్య వల్లనాడు కొండ మీద 1987 నుంచి దానికి అభయారణ్యం ఉంది, 16 చదరపు కిలోమీటర్లు. తమిళంలో దాని పేరు వెళిమాన్. వెళి అంటే బయలు, పేరులోనే ఉంది. దుప్పి మాదిరి అది పొదలో దాగదు, బయలులో నిలబడి దూరం చూస్తుంది, కాళ్ళే దానికి కాపలా. గడ్డి నేలలను వేలికాత్తాన్ మింగేస్తే దానికి మిగిలిన బయలు మన చేలే. కాబట్టి అక్కడ పొద కొట్టేటప్పుడు కొండ వైపు గడ్డి నేలను దానికి తిరిగి ఇవ్వాలి, చేను అంచున కొట్టి ఊరుకుంటే ఇంకా సులువుగా లోపలికి వస్తుంది. కొప్పళ, కర్నూలు వైపు రైతులకు ఇదే జింకతో ఇదే బాధ. మధ్యప్రదేశ్‌లో 2025 అక్టోబరులో షాజాపూర్ జిల్లాలో హెలికాప్టరుతో తోలి, గరాటు మాదిరి కట్టిన పెద్ద దొడ్డిలోకి పంపి, 800కు పైగా కృష్ణజింకలను పట్టి వేరే అడవుల్లో వదిలారు. ఒక్క గుండు పేల్చలేదు. అక్కడ కూడా ముందు చూసుకున్నది మంద ఎటు పరుగెడుతుంది, దొడ్డి నోరు ఎక్కడ పెట్టాలి అనేదే.

నగరం పిల్లలకు ఒక మాట. మీ అమ్మానాన్నలు ఇక్కడ చేను అమ్మి మిమ్మల్ని చదివించారు. ఆ చేను కొన్నవాడు ఇప్పుడు అక్టోబరు చలిలో, వానలో, మంచె మీద రాత్రంతా డబ్బా కొడుతూ కూర్చుంటున్నాడు. ఆ జింక బొమ్మ పెట్టే ముందు ఒక్క రాత్రి ఆ మంచె మీద కూర్చోండి. నేను పోయిన ఐప్పసిలో రెండు రాత్రులు కూర్చున్నాను, మూడో రాత్రికి మోకాళ్ళు ఒప్పుకోలేదు.

ఇప్పుడు మను సంగతి. ప్రతి నెలా కలెక్టర్ ఆఫీసులో రైతుల కుఱై తీర్ కూట్టం జరుగుతుంది. అక్కడికి మనం తీసుకుపోవలసినది ఊరికి ఒక కాగితం. అందులో సర్వే నంబర్లతో చేల గీత, ఏ మూల ఎన్నిసార్లు మేసింది, ఏ తేదీన, ఏ పైరు. దాని పక్కన ఏ కమ్మాయిలో, ఏ ఓడలో, ఎవరి బీడులో వేలికాత్తాన్ ఉంది, అది పంచాయతీదా, పొదుప్పణి శాఖదా, పట్టానా. ఆ వేలికాత్తాన్ వేలం వేసినప్పుడు కాంట్రాక్టువాడు బొగ్గుకు పనికొచ్చే లావు కొమ్మలు నరుక్కొని మోడు వదిలేస్తాడు, మొదటి వానకే అది మళ్ళీ చిగురిస్తుంది. కాబట్టి వేరుతో పెకిలించాలని వేలం షరతులోనే రాయమని అడగాలి. పని చిత్తిరై, వైకాసిలో, చేలు ఖాళీగా ఉన్నప్పుడు జరగాలి. ఊరి వైపు నుంచి మొదలుపెట్టి కొండ వైపుకు పోవాలి. అటునుంచి మొదలుపెడితే మందంతా ఊర్లోకి వస్తుంది. కొండ అడుగున నీళ్ళ తొట్టి ముందే కట్టించి ఉండాలి. కురుమలై అడుగున ఉన్న ఊళ్ళకు మాత్రం ఇది చాలదు. వాళ్ళకు కొండకు చేలకు మధ్య, ఊరు ఊరుకు విడిగా కాకుండా ఒకే వరుసగా, సర్కారు ఖర్చుతో సోలార్ కంచె అడగాలి. 1 కిలోమీటరు లోపల కాల్చకూడదని గీత గీసినది సర్కారే కాబట్టి, ఆ గీత లోపల ఉన్నవాడి పైరుకు పూచీ కూడా సర్కారుదే అని గట్టిగా అడగవచ్చు. పట్టాభూమి బీడులు మాత్రం ఎవరూ వచ్చి బాగుచేయరు, అవి మనవే. సంఘం కల్యాణమండపం వసూలులోంచి కొంత తీసి, విధవలకు, ముసలివాళ్ళకు జేసీబీ బాడుగ ఇవ్వగలమా అని కమిటీ చూడాలి. ఒక ఏడాది అన్నదానం కొంచెం తగ్గినా స్వామి కోపగించుకోడు.

మా ఊరి కాగితం నేను, మా మరదలు, ఇద్దరు పెద్దవాళ్ళు కలిసి సగం గీశాము. తూర్పు వైపు కమ్మాయి గట్టు మీద మూడు సందులు దొరికాయి, మూడింట్లో ఒకటే బాగా అరిగి ఉంది. మిగతా సగం వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు నడుస్తాము, ఎండ ఎక్కకముందే. చుట్టుపక్కల ఊళ్ళ తమ్ముళ్ళు వస్తే ఎలా గీయాలో చూసి పోవచ్చు. చెప్పులు కాదు, బూట్లు వేసుకొని రండి, వేలికాత్తాన్ ముల్లు చెప్పును దాటుకొని వస్తుంది. గంగావతి, సింధనూరు క్యాంపుల సభ్యులు అక్కడ కృష్ణజింకకు ఏ కంచె, ఎంత ఎత్తు, ఎంత ఖర్చు అయిందో ఈ పోస్టు కింద రాస్తే మా కాగితంలో చేరుస్తాను.